రెండో పెట్టె

ఈ గదిలో ఏదో చచ్చింది. గడియారం ఒకటీ ఏడు చూపిస్తోంది. పని మొదలుపెట్టాల్సింది రెండింటికి. అంటే ఇంకా యాభై మూడు నిమిషాలు ఈ కంపు పీలుస్తూ కూర్చోవాలి. మొదట ఎలుక అనుకున్నాను, కానీ ఎలుక కంపు ముక్కును నేరుగా పొడుస్తుంది. ఇది తియ్యగా ఉంది. తియ్యగా ఉండటమే అసహ్యం. దానిమీద ఏసీలోంచి బొట్టు బొట్టుగా కారే నీళ్ల వాసన, ఆ నీళ్లు పట్టడానికి పెట్టిన పెయింటు డబ్బా వాసన, అన్నిటిమీదా మా మేనేజరు వీరభద్ర సార్ బిర్యానీ. సర్వర్ గదిలో తినకూడదని తలుపుకు కాగితం అతికించింది ఆయనే, సంతకం కూడా ఆయనదే. ఆ తలుపు వేసుకుని, నా లాప్‌టాప్ పక్కనే పొట్లం విప్పి, కోడికాలు పీకుతున్నాడు. వేళ్లకంటిన నూనెను కొత్త కేబుళ్లు వచ్చిన ప్లాస్టిక్ సంచికి తుడుస్తున్నాడు. నేను పైకప్పు చూశాను. అక్కడ పొగను పసిగట్టే గుండ్రటి పరికరం మీద పచ్చరంగు క్యారీబ్యాగు, దానికి రబ్బరు బ్యాండు. దసరాకు అగరబత్తీలు వెలిగిస్తే అలారం మోగుతుందని కట్టారు. దసరా వెళ్లి నెల దాటింది. బ్యాగు అలాగే ఉంది. ఈ గది తగలబడితే మొదట తెలిసేది ఆ బ్యాగుకే.

నా ముందు అద్దాల బీరువాలాంటి ర్యాక్. అందులో ఒకదాని మీద ఒకటి రెండు నల్ల పెట్టెలు. ఫైర్‌వాల్ అంటారు వాటిని. బయటి ప్రపంచం నుంచి మా ఆస్పత్రిలోకి వచ్చేదాన్ని, పోయేదాన్ని ముక్క ముక్కగా ఆపి, ఎవరిది, ఎక్కడికి అని అడిగి పంపించే కాపలా పెట్టెలు. ఒకటి పనిచేస్తుంది, రెండోది ఖాళీగా కాచుకుని ఉంటుంది. తెల్ల స్టిక్కర్ల మీద నల్ల మార్కరుతో నేనే రాశాను: ఒకటి, రెండు. కడపలో మా చిన్న ఆస్పత్రి ఉంది. అక్కడ స్కాన్ యంత్రం ఉంది గానీ ఆదివారం దాన్ని చదివే డాక్టరు లేదు. అక్కడ తీసిన స్కాన్ బొమ్మలు ఈ పెట్టె గుండా కర్నూలుకు వచ్చి, పై అంతస్తులో స్కాన్లు చదివే డాక్టరు స్వర్ణలత మేడమ్ తెర మీద తేలుతాయి. ఆమె చూసి ఫోన్లో చెబుతుంది, కడపలో కత్తి పట్టుకున్నవాళ్లు వింటారు. అంతా ఈ పెట్టెలోంచే. పెట్టెలోపలి సాఫ్ట్‌వేర్ పాతబడింది, దొంగ దూరేంత కన్నం ఉందని తయారుచేసిన వాళ్లే మూడుసార్లు రాశారు. కొత్తది వేయాలి. వేయడానికి నేను మూడు పేజీలు రాశాను, ఇరవై ఏడు మెట్లు. మొదట రెండో పెట్టె, అంటే ఖాళీది. దాని వైర్లన్నీ పీకి పక్కకు తీసి, దానికి మాత్రమే కొత్తది వేసి, ఇరవై నిమిషాలు ఊరికే చూసి, తర్వాత కడప నుంచి ఒక స్కాన్ దాని గుండా రప్పించి చూసి, అప్పుడు ఒక వారం ఆగి, మొదటి పెట్టె. వారం ఆగడం చదివి వీరభద్ర సార్ నవ్వాడు. పెండ్లి ముహూర్తమా అన్నాడు.

ఆదివారం రెండు నుంచి మూడు అని కూడా నేనే తేల్చాను. అందరూ అర్ధరాత్రి అంటారు. అర్ధరాత్రి హైవే మీద లారీలు గుద్దుకుంటాయని ఎవరికీ పట్టదు. నేను ఆరునెలల గ్రాఫు గీతలు తీసి చూశాను. వారం మొత్తంలో ఈ పెట్టెలోంచి అతి తక్కువ రాకపోకలు జరిగేది ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. కర్నూలూ కడపా మాంసం తిని పడుకునే గంట అది. ఆ గంటను పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది, మూడు వాయిదాలు పడ్డాయి. నాలుగోది లేదు. ఈరోజు కాకపోతే రేపు పదింటికి ఆస్పత్రి ఎండీ గదిలో ఈ పనంతా హైదరాబాద్ కంపెనీకి రాసిచ్చేస్తారు. వాళ్లు అక్కడి నుంచే మీటలు నొక్కుతారు. అప్పుడు కర్నూల్లో ఈ రబ్బానీ, అంటే నేను, అక్కర్లేదు, కడపలో ఇదే పని చూసే హనుమేష్ అక్కర్లేదు. పొద్దున నా భార్య షాహీనా ఉల్లిగడ్డలు తరుగుతూ, తల ఎత్తకుండా, ఈరోజైనా అయిపోతుందా అంది. అయిపోతుంది అన్నాను. ఇద్దరం ఒకే మాట అన్నాం, ఒకే అర్థంతో కాదు.

“పది నిమిషాల పనప్పా,” అన్నాడు వీరభద్ర సార్, ఎముక పెయింటు డబ్బాలో వేస్తూ. బొట్టు చప్పుడు మారింది. “ఇరవై ఏడు మెట్లంట. నువ్వు సాఫ్ట్‌వేర్ మారుస్తాండావా, గుండె ఆపరేషన్ చేస్తాండావా?”

పది నిమిషాల పని. పోయిన ఏడాది ఎండాకాలంలోనూ ఇదే మాట, ఇదే గొంతు, అప్పుడు నోట్లో గుట్కా. అప్పుడు కాగితం లేదు. రెండు పెట్టెలకూ ఒకేసారి వేసేయప్పా అంటే వేసేశాను. సరే సార్ అన్నది నేనే, ఆ ముక్క మాత్రం మూడు పేజీల్లో ఎక్కడా రాయలేదు. రెండు పెట్టెలూ లేచి, నేనంటే నేనని కొట్టుకుని, మూడున్నర గంటలు కడప లేదు. కడప అనే ఊరే లేనట్టు. తర్వాత పెట్టెల కంపెనీ వాళ్లు వచ్చి పాతదే మళ్లీ వేసి, ఒకటి పడిపోతే రెండోది తనంతట తాను లేచే ఏర్పాటును ఆపేసి పోయారు, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఇంతే అన్నారు. కాబట్టి ఇప్పుడు ఒకటి పడిపోతే పడిపోయినట్టే. రెండోది పక్కనే కూర్చుని చూస్తుంది, పోయినేడు నేను చూసినట్టు.

సుంకప్ప. కోసిగి నుంచి కడప బండల పాలిష్ మిషన్ల మీద పనికి పోయినవాడు. బండ జారి తలకు తగిలింది. మనిషి లేచి నడిచాడు, టీ కూడా తాగాడు, గంట తర్వాత వాంతి చేసుకున్నాడు. ఆ మూడున్నర గంటల్లోనే స్కాన్ తీశారు. తీసిన స్కాన్ బయలుదేరింది, చేరలేదు. బెడ్ నంబరూ, తీసిన సమయమూ, పంపిన సమయమూ అన్నీ నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే విచారణకు ఆ కాగితం నేనే టైపు చేశాను. చేరని సమయం అని రాయడానికి గడి లేక చిన్న గీత పెట్టాను. అతను చావలేదు. కుడిచెయ్యి పడిపోయింది, మాట లేదు. మూడో రోజు కర్నూలుకు తీసుకొచ్చారు. అతని పెండ్లాం మద్దమ్మ, ఈ గది బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉండేది. లోపలున్న మిషన్లలోనే బొమ్మ పోయిందని ఎవరో చెప్పారట. నేను తలుపు తీసుకుని బయటికి రాగానే లేచి నిలబడింది. కోపం లేదు. దారి అడిగినట్టు అడిగింది.

“ఆ బొమ్మ యాడ నిలిచిపాయ నాయనా?”

సర్వర్ ప్రాబ్లం అమ్మా, అన్నాను. ఆమె తలాడించింది. అర్థమైనట్టు కాదు. నేను చెప్పింది చాల్లే అన్నట్టు. సర్వర్ ప్రాబ్లం. ఆ రెండు మాటలూ ఇప్పటికీ నా నోట్లో పాచిలాగా ఉన్నాయి, తోమితే పోవు. ఈ గది తనిఖీ రిజిస్టరులో కూడా అదే ఉంది. ఆ రిజిస్టరు ఇదిగో, బల్ల కింద, అట్టకు టీ మరక. నెలనెలా పరీక్షించితిమి, సరిగా ఉన్నది, వీరభద్ర సార్ సంతకం. పన్నెండు నెలలు, ఒకే పెన్ను, ఒకే పూట, ఒకే వాలు. జూన్ నెల సంతకం సిరా జూలై పేజీకి అంటింది, ఆరకముందే తిప్పేశారు కనుక. తనిఖీ వాళ్లు చూసి బాగుంది అన్నారు. చూడకుండా టిక్కు పెట్టే చేతులంటే నాకు అసహ్యం. వాటితోనే అన్నం ఎలా తింటారా అనిపిస్తుంది. ఇదిగో, ఇలా తింటారు, నా లాప్‌టాప్ పక్కనే.

మా నాయన ఖాసిం సాహెబ్ కోడుమూరులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఇంజను విప్పేటప్పుడు గోనెపట్ట పరిచి, తీసిన ప్రతి బోల్టునూ తీసిన వరసలోనే పేర్చేవాడు. గోడ మీద ప్రతి పానాకూ దాని ఆకారంలోనే ఎర్ర పెయింటుతో గీసిన నీడ. దసరాకు పక్క కొట్ల వాళ్లతో పాటు ఆయనా పనిముట్లన్నీ దించి, కిరసనాయిలుతో కడిగి, వాటికి బొట్లు పెట్టించుకుని, మళ్లీ గోడకెక్కించేవాడు, ఏది ఎక్కడుండాలో అక్కడే. ఎవరైనా రైతు వచ్చి ఇంజను పేరు చెప్పి, దీనికి ఫలానా పార్టు పోయిందప్పా అంటే వినేవాడు కాదు. చేత్తో తిప్పి చూసేవాడు. నువ్వు చెప్పింది పక్కనపెట్టు, అది ఏం చెప్తాదో చూస్తా అనేవాడు. నా ఐదో మెట్టు ఆయనదే. కాగితంలో ఉన్నదానికీ కంటికి కనబడేదానికీ ఒక్క తేడా వచ్చినా పని ఆపవలెను. అది రాస్తుంటే నాకు గోనెపట్ట వాసన వచ్చింది. మంచి వాసన. ఈ తియ్యటి దరిద్రం కాదు.

ఒకటీ నలభై ఆరుకు హనుమేష్ ఫోన్.

“అన్నా, ఒకాయప్పను తెచ్చినారు ఈడికి. బండి మీదనుంచి పడినాడంట, తలకు తగిలిండాది. స్కాన్‌కు తీసుకపోతాండారు.”

“మనిషి ఎట్లుండాడు?”

“మాట్లాడతాండాడు. నా చెప్పులు యాడ, నా చెప్పులు యాడ అని ఒకటే అడుగుడు. ఒక కాలిది దొరకలేదంట.”

మాట్లాడుతున్నాడు. సుంకప్ప టీ తాగాడు. స్కాన్ చేరి, మేడమ్ చూసేదాకా మొదలుపెట్టేది లేదని వీరభద్ర సార్‌కు చెప్పాను. ఆయన నీళ్లసీసా మూత తిప్పాడు. మూడింటికి ఆయన నంద్యాలకు పోవాలి, ఎవరిదో గృహప్రవేశం, బయట కారులో వాళ్ల ఇంట్లోవాళ్లు కూర్చుని ఉన్నారు. ఇంజను ఆపకుండా, ఏసీ వేసుకుని.

“నువ్వే గదప్పా చెప్పింది, రెండోది ఉత్తదే అని? దాంట్లోంచి ఏమీ పోదు, ఏమీ రాదు. దాని వైర్లు పీకితే కడప స్కాన్‌కేమైతాది? ఒకటోది నడుస్తానే ఉంటాది గదా. పీకి పెట్టుకో. స్కాన్ వచ్చేలోపల ఆరు మెట్లు అయిపోతాయి.”

అదే అసహ్యం, ఈ మనిషి నోట్లోంచి కూడా ఒక్కోసారి సరైన మాట వస్తుంది. కాగితం ప్రకారం ఆయన చెప్పింది నిజం. ఖాళీ పెట్టె వైర్లు ఎప్పుడు పీకినా ఎవరికీ ఏమీ కాదు. నేను ఆగుతున్నది జాగ్రత్తతో కాదేమో, పిరికితనంతోనేమో. రేపు పదింటికి ఎండీ గది, మూడు వాయిదాలు, నాలుగోది. గాజు తలుపు తీశాను. కంపు ఒక్కసారిగా ముఖాన కొట్టింది, అది ర్యాక్ వెనకనుంచే వస్తోంది. ఊపిరి బిగబట్టి ‘రెండు’ అని రాసిన పెట్టె ముందు వంగాను. మొదటి కేబులు తలను రెండు వేళ్లతో పట్టుకుని, బొటనవేలితో దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ నొక్కు నొక్కాను. అది క్లిక్కుమంది. ఇంక లాగడమే. ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఫోన్, అవతల హనుమేష్.

“అయిపాయ అన్నా. పంపుతాండా. ఆ... పోతాండాయి బొమ్మలు.”

వెలుగులు లేచాయి. నా వేళ్ల పక్కనే. అంతవరకూ తీరిగ్గా కన్నుగీటుతున్న ఆకుపచ్చ చుక్కలు, హనుమేష్ పోతాండాయి అన్న క్షణంలో పిచ్చిపట్టినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ‘రెండు’ మీద. ఖాళీదాని మీద. ఏమీ పోనిదాని మీద. పైనున్న ‘ఒకటి’ చల్లగా, నిదానంగా, ఆదివారం భోజనం చేసి పడుకున్నట్టు వెలుగుతోంది. నేను కదల్లేదు. నా బొటనవేలి కింద నొక్కు నొక్కి ఉంది, పట్టు వదిలిన కేబులు ఒక వెంట్రుకవాసి బయటికి వచ్చి ఉంది. మనిషి తల బొమ్మలు, ముక్కలు ముక్కలుగా, నా వేళ్ల మధ్య నుంచి పోతున్నాయి. ఊపిరి వదిలితే చెయ్యి కదులుతుందేమోనని వదల్లేదు. మెల్లగా, చాలా మెల్లగా లోపలికి తోశాను. మళ్లీ క్లిక్కుమంది.

“ఏమైందప్పా, పీకినావా?”

చుక్కలు కొట్టుకుంటూనే ఉన్నాయి. రెండు నిమిషాలు, మూడు, నాలుగు. తర్వాత నెమ్మదించాయి. ఇంకో నిమిషానికి గదిలోని ఫోన్ మోగింది, స్వర్ణలత మేడమ్, ఆమె ఎప్పుడూ ఇక్కడికి చేయదు. “రబ్బానీ, మీ పని మొదలుపెట్టారేమోనని భయపడ్డాను. కడప స్కాన్ వచ్చింది. లోపల నెత్తురు గడ్డకడుతోంది, థియేటర్‌కు తీసుకెళ్లమని చెప్పేశాను. ఇంక మీరు కానివ్వండి.” సరే మేడమ్ అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అది కూడా అసహ్యంగానే అనిపించింది.

కింద కూర్చుని, ఫోన్ లైటు వేసి, పెట్టెల అంచు చూశాను. సీరియల్ నంబరు ముద్రించిన వెండిరంగు చీటీ రెండింటికీ పక్కనే ఉంటుంది. దానిమీద గంధం, దానిమీద కుంకుమ, ఎండి పెచ్చుకట్టి ఉన్నాయి. గోటితో గీకాను. ‘ఒకటి’ అని రాసినదాని నంబరు నలభై ఏడుతో ముగుస్తోంది. లాప్‌టాప్ తెర మీద, పనిచేస్తున్న పెట్టె నంబరు పన్నెండుతో ముగుస్తోంది. పన్నెండు నా చేతి కింద ఉంది, ‘రెండు’ అనే స్టిక్కరుతో. తెర అబద్ధం చెప్పలేదు. పెట్టెలు అబద్ధం చెప్పలేదు. గీకిన గంధం గోటి కింద ఉంది, దాన్ని చూస్తుంటే ర్యాక్ వెనక, గోడకూ ఇనుప కాలికీ మధ్య, ఏసీ నీళ్ల తడిలో నల్లగా, జిగటగా ఒకటి కనబడింది. అరటిపండు. దాంట్లో గుచ్చిన మూడు అగరబత్తి పుల్లలు.

ఆయుధపూజ. ఆస్పత్రిలో అంబులెన్సుల నుంచి కుట్టుమిషన్ వరకూ అన్నిటికీ బొట్లు. ఈ పెట్టెలకూ పెట్టాలన్నది వీరభద్ర సార్. తడిగుడ్డతో తుడవాలి, స్టిక్కర్లు అడ్డమప్పా అన్నది ఆయన. కానీ ఒలిచింది నేను. ముందురోజే కొన్న మార్కరు రాత తడికి చెదిరిపోతుందని జాగ్రత్తగా, గోటితో అంచు లేపి, రెండిటినీ తీసి నా ఎడమచేతి వెనక అంటించుకున్నాను. అప్పుడే షాహీనా ఫోన్, గ్యాసు పుస్తకం ఎక్కడ పెట్టావని. బీరువాలో, కాదు మంచం కింద పెట్టెలో, కాదు... చెబుతూ, నవ్వుతూ, ఒక స్టిక్కరు పైదానికి, ఒకటి కిందిదానికి. చూడకుండా. నా చేతులతోనే. పెట్టెల మీద గంధం పూసిన తర్వాత అరటిపండు పట్టుకుని నిలబడింది కూడా నేనే, పొగకు కళ్లు మండి పక్కన పెట్టాను, అది దొర్లిపోయింది. ఈ గంట నుంచి నేను ముక్కు మూసుకుంటున్నది నా పండు కంపుకు. ఇంకా ఉంది. మూడు పేజీలు తీశాను. రెండో మెట్టు: రెండు పెట్టెల సీరియల్ నంబర్లూ పెట్టెల మీద సరిచూడవలెను. దాని పక్కన టిక్కు. శుక్రవారం సాయంత్రం పెట్టిన టిక్కు. చీటీల మీద గంధం ఉంది, గీకడం ఎందుకులే అని, కంప్యూటర్లోని పాత పట్టిక చూసి, కుర్చీలోంచి లేవకుండా పెట్టిన టిక్కు. ఒకే పెన్ను, ఒకే వాలు.

వీరభద్ర సార్‌కు చెప్పాను. ఆయన వంగి రెండు నంబర్లూ చూశాడు. ముఖంలో రంగు పోయింది, ఒక నిమిషంలో తిరిగి వచ్చింది.

“ఏం కాలేదు గదా. పీకలేదు గదా నువ్వు. ఆ రెండూ తీసి మార్చి అతికించు, ఇంగా రెండు కూడా కాలేదు. నీకూ నాకూ తప్ప ఎవురికి తెలుస్తాది? కానీ, టైముకు మొదలుపెట్టు.”

“ఐదో మెట్టు సార్. తేడా వస్తే ఆపాలి.”

“ఆ మెట్టు రాసింది నువ్వే గదప్పా. కొట్టెయ్. ఈరోజు కాకపోతే రేపు నిన్ను ఇంటికి పంపిస్తారు, తెలుసునా?” నిజంగానే జాలిగా అన్నాడు, “నీ మంచికే చెప్తాండా రబ్బానీ.”

ఆయన జాలిపడటం కూడా నేను ఎరుగుదును. పోయినేడు విచారణలో సర్వర్ ప్రాబ్లం అని రాయమని చెప్పినప్పుడు ఇదే గొంతు. స్టిక్కర్లు మార్చడం నిజంగానే పది నిమిషాల పని కూడా కాదు, పది సెకన్లు. మార్చి, పనిచేసి, సాయంత్రానికి ఇంటికి పోయి, అయిపోయింది అని షాహీనాకు చెప్పొచ్చు. కానీ ఇరవై ఏడు మెట్లలో రెండోది అబద్ధమైతే మిగిలినవాటిలో నేను లేచి చూసినవి ఎన్ని, కూర్చుని టిక్కు పెట్టినవి ఎన్ని? నాకే తెలియదు. మా నాయనైతే మొత్తం విప్పి మళ్లీ గోనెపట్ట మీద పేర్చేవాడు. రిజిస్టరు బయటికి లాగాను. టీ మరక మీద ధూళి. నా పెన్ను నీలం, అందులో అంతా నలుపు, అది మంచిదే. రాశాను. పని ఆపితిమి. ఒకటి, రెండు స్టిక్కర్లు తారుమారు. అతికించినది రబ్బానీ. రెండో మెట్టు చూడకుండా టిక్కు పెట్టినది రబ్బానీ. సమయం ఒకటీ యాభై తొమ్మిది. సంతకం చేసి, సిరా ఆరేదాకా పేజీ తిప్పలేదు.

వీరభద్ర సార్ బిర్యానీ పొట్లం అలాగే వదిలి, తలుపు దబ్బున వేసి పోయాడు. బయట కారు కదిలిన చప్పుడు. పొగ పరికరం మీది క్యారీబ్యాగు తీశాను, దాన్నే చేతికి తొడుక్కుని ర్యాక్ వెనక్కి చెయ్యి పెట్టాను. మెత్తగా, చల్లగా, బ్యాగులోంచి కూడా తెలుస్తూ, వేళ్ల మధ్య చితికింది. డోకొచ్చింది. పట్టుకునే బయటికి వచ్చాను. హనుమేష్ మళ్లీ ఫోన్ చేశాడు, ఆయప్పను లోపలికి తీసుకపోయినారన్నా, చెప్పు దొరికింది, వాళ్లమ్మ పట్టుకోనుండాది అన్నాడు. రేపటి సంగతి అతనికి ఇంకా చెప్పలేదు. చెప్పాలి, అతని ఉద్యోగం కూడా ఆ పేజీతోనే పోగొట్టాను. వరండాలో బెంచీ ఖాళీగా ఉంది, ఆదివారం కదా. మద్దమ్మ కూర్చునే చోటు దాటి చెత్తడబ్బా దాకా నడిచాను, బ్యాగుతో సహా పండును అందులో వేసి మళ్లీ వెనక్కి వచ్చాను. యాడ నిలిచిపాయ నాయనా. ఇవాళ ఎక్కడా నిలిచిపోలేదమ్మా. నిలిచిపోయి ఉంటే ఇక్కడ, ఈ రెండు వేళ్ల మధ్య నిలిచిపోయేది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కంపు బ్యాగు దాటి వచ్చేసింది.